మూలాల జాబితాలో కొమురమ్మ

నాలుగేళ్ల కింద, వానాకాలం మొదట్లో, హనుమకొండలోని ఒక కాలేజీలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. పరిశోధన ప్రాజెక్టులో అది ఆఖరి మెట్టు. పైన ప్రొఫెసర్, ఆయన కింద ఇద్దరు పరిశోధక విద్యార్థులు, వాళ్ల కింద నేను. ఊళ్లు తిరిగి మాటలు రికార్డు చేయడం, విన్నది టైపు చేయడం, వ్యాసం చివర మూలాల జాబితా కూర్చడం నా పని. మా పాపకు ఏడాది నిండకముందే ఆ ఉద్యోగం మానేశాను. జాబితా సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పరకాల చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు విత్తనాలు దాచే పద్ధతులు మా విషయం. కొమురమ్మ అనే అరవై దాటిన రైతు మూడు రోజులు ఓపికగా అన్నీ చూపించింది. కందులు ఎన్ని రోజులు ఎండాలి, బూడిద ఎప్పుడు కలపాలి, కుండ మూతి ఎలా మెత్తాలి. మూడో రోజు నా చేతిలోని ఫారం మీద వేలు పెట్టి అక్కడ ఏం రాశావని అడిగింది. 'ఇంటి యజమాని' అన్న గడిలో ఆమె భర్త ఐలయ్య పేరు రాశాను. ఆ మూడు రోజులూ ఆయన ఇంటి పట్టున లేడు, విత్తనం గురించి ఒక్క మాటా చెప్పలేదు. అయినా చేయి అలవాటుగా ఆ పేరే రాసింది.

"బ్యాంకోళ్లు అచ్చినా గాయన పేరే రాసుకపోయిండ్రు, సర్వేవోళ్లు అచ్చినా గంతే. నువ్వన్న నా పేరు రాయి బిడ్డా," అంది.

రాస్తానని మాటిచ్చాను.

ఒక సంగతి ఎక్కడి నుంచి తీసుకున్నామో చూపే పద్ధతి, అంటే సైటేషన్ స్టైల్, జర్నల్‌ను బట్టి మారుతుంది. కొన్ని జర్నళ్లు పేజీ అడుగున మూలం ఇమ్మంటాయి. అక్కడ మాట్లాడిన మనిషి పేరు, ఊరు, తేదీ పెట్టుకోవచ్చు. కొన్ని వాక్యంలోనే రచయిత పేరు, సంవత్సరం వేసి, చివర జాబితా ఇమ్మంటాయి. ఈ రెండో పద్ధతిలో ముఖాముఖి మాటలు జాబితాకెక్కవు. చదివేవాళ్లు వెతికి పట్టుకోగలిగిన మూలానికే అక్కడ చోటు.

మొదటి రకం జర్నల్‌కు పంపుదామని ప్రొఫెసర్ సార్‌ను అడిగాను. ఆయన రెండో రకమే ఖాయం చేశారు. లోగడ ఆయన వ్యాసం అందులో వచ్చింది, పాత జాబితా చేతిలో ఉంది. దాంతో కొమురమ్మ కాస్తా 'కొందరు స్థానిక రైతులు' అయిపోయింది. బూడిద కలిపే పద్ధతికి మాత్రం ఒక పరిశోధకుడి పుస్తకం పేజీ నంబరుతో సహా జాబితాలో చేరింది. ఆ పరిశోధకుడు ఒక పూట వచ్చి తన వాకిట్లోనే కూర్చుని విని పోయాడని కొమురమ్మే నాకు చెప్పింది. ఆమె మాట ఆయన రాస్తే మూలం, ఆమె నోట మేము వింటే కాదు. ఇదెక్కడి న్యాయం?

అదే అడిగాను. "నేనేం జేద్దునమ్మా, స్టైల్ ఒప్పుకోదు. అయినా గామె మన పేపర్ చదువుతదా ఏంది," అన్నారు సార్. పక్కనున్న విద్యార్థులు నవ్వారు.

ఆ స్టైల్ నియమాల పుస్తకాన్ని మా శాఖలో ఎవరూ తెరవలేదు. ఎప్పుడో ఒక సీనియర్ రాసిపెట్టిన రెండు పేజీల జిరాక్సే చేతులు మారుతూ వచ్చింది. అందరికీ అదే వేదం. ఎనిమిది నెలల పాపను అత్తమ్మకు అప్పజెప్పి, ఏడుస్తుందేమోనన్న గుబులుతోనే రెండు మధ్యాహ్నాలు లైబ్రరీలో కూర్చుని అసలు పుస్తకం చదివాను. రికార్డింగును గ్రంథాలయంలో భద్రపరిచి, దానికి నంబరు ఉండి, అడిగినవాళ్లకు దొరికేలా ఉంటే, చెప్పిన మనిషి పేరుతో జాబితాలో చేర్చవచ్చని అందులో స్పష్టంగా ఉంది. జిరాక్సులో ఆ వాక్యం లేదు.

మళ్లీ ఊరికి పోయి కొమురమ్మ దగ్గర అంగీకార పత్రం తీసుకున్నాను. పెన్‌డ్రైవ్, టైపు చేసిన ప్రతి, వాటి పైన ఆనాటి ఫారం జతచేసి లైబ్రేరియన్ గారికి ఇచ్చాను. ఆయన రిజిస్టర్ తెరిచి, పై కాగితం మీద ఐలయ్య అని ఉంది, ఆమె పేరు కొమురమ్మ అంటున్నావు, ఎవరిది ఎక్కించాలని అడిగారు. నా తప్పు నాకే ఎదురొచ్చింది. ఆ కాగితం చింపి కొత్తది రాసిచ్చాను. నంబరు పడింది.

సార్ ఆ నియమాన్ని రెండుసార్లు చదివి, చేర్చమన్నారు.

వ్యాసం అచ్చయ్యాక ఒక ప్రతి తీసుకుపోయి కొమురమ్మకు ఆమె పేరు చూపించాను. తన పైన ఎవరు, కింద ఎవరు అని అడిగింది. ఇద్దరూ ప్రొఫెసర్లేనని చెప్పాను.

"మరి ఆళ్లకు ఇత్తనం దాచుడు అచ్చునా?" అంది.

రాదని చెప్పాను.

సరైన స్టైల్ ఎంచుకోవడమంటే కామాలు, బ్రాకెట్లు సరిచూడటం అనుకునేదాన్ని. ఎవరి పేరు మిగులుతుంది, ఎవరిది మాయమవుతుంది అన్నది కూడా అక్కడే తేలుతుందని ఆ ఉద్యోగంలో తెలిసింది. నియమం ఒప్పుకోదని ఎవరైనా అంటే, ఏ పేజీలో ఉందో చూపించమని అడగాలి. జిరాక్సు చూపిస్తే ఒప్పుకోకూడదు.