ఆరు కాలమ్‌ల కడుపు నొప్పి

ఆ ఆదివారం ఉదయం పదకొండు గంటలకు మెట్టుగూడలోని మా అద్దె గదిలో ఉన్నవాళ్లం ఇద్దరం. ఉన్నవి రెండు నవారు మంచాలు, ఒక కిరోసిన్ స్టవ్వు, సన్న కొలతలు తీయడానికి స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన ఒక వర్నియర్ కాలిపర్, మందుబిళ్ళలు దాచుకునే ఒక బిస్కెట్ల డబ్బా, స్కేలుతో గీతలు కొట్టిన ఒక తెల్ల కాగితం, నా కడుపు నొప్పి. ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది: దేన్నయినా గళ్ళు గీసి రాసిపెట్టుకుంటే అది సగం మన అదుపులోకి వచ్చినట్టేనని. మెకానికల్ డిప్లొమా ఇంకేం నేర్పిందో సరిగ్గా గుర్తులేదు గాని, ఈ జబ్బు మాత్రం బాగా అంటించింది. చాకలికి వేసిన బట్టలకు ఒక కాగితం, దోమతెరకు పడ్డ చిరుగులకు ఒక కాగితం (తేదీలతో సహా) ఉండేవి. నా గదిలో ఉండేవాడిది పెద్దపల్లి కాబట్టి అందరికీ వాడు పెద్దపల్లే. వాడు నాకు పెట్టిన పేరు లిస్టన్న.

నొప్పి శనివారం సాయంత్రం మొదలైంది. మరో రోజైతే అంత కంగారు పడేవాణ్ణి కాదు. సోమవారం ఉదయం మా కార్ఖానాలో నాకు ట్రేడ్ టెస్టు ఉంది. ఒక ఇనుప ముక్కను ఆకురాయితో రుద్ది, మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా తేడా లేకుండా తయారుచేసి చూపిస్తే ఉద్యోగం ఖాయం. చూపించలేకపోతే రెండేళ్ల అప్రెంటిస్ పని అక్కడితో సరి, శ్రీకాకుళం బస్సు ఎక్కడమే. అక్కడ మా నాన్నగారు నాకు ఉద్యోగం వచ్చేసిందని వీధిలో అప్పటికే చెప్పేసి ఉన్నారు. అందువల్ల నొప్పి తగ్గడం నాకు ముఖ్యం కాదు, సోమవారం సాయంత్రం దాకా అది కనపడకుండా ఉంటే చాలు. పెద్దపల్లి చౌరస్తా దగ్గరి మందుల షాపుకి వెళ్లి, కడుపు నొప్పి బిళ్ళలని అడిగి, షాపాయన కత్తెరతో కోసి ఇచ్చిన అట్ట ముక్క తెచ్చాడు. "ఆయన అన్నడు, గోలీ ఏస్కొని పండుకో, పొద్దుగాలకు సక్కగైతదని. ఇగ పరేషాన్ గాకు." రాత్రికి ఒళ్లు కొంచెం వెచ్చబడితే బిస్కెట్ల డబ్బాలోంచి జ్వరం బిళ్ళ తీశాను. అది కూడా ఎప్పుడో కోసిన అట్ట ముక్కే. పేరు ఉన్న వైపు ఎవరి ఇంట్లో ఉందో ఎవరికీ తెలియదు.

ఇక కాగితం సంగతి. అందులో ఆరు కాలమ్‌లు. వరస సంఖ్య, టైము, ఏ బిళ్ళ, ఎన్ని, నొప్పికి పదికి ఎన్ని మార్కులు, రిమార్కులు. కడుపు నొప్పి బిళ్ళ ఒక పంపు, జ్వరం బిళ్ళ ఇంకో పంపు, దేని పని దానిదే అని లెక్క వేసుకున్నాను. అంతటితో ఆగకుండా సోమవారం సాయంత్రం వరకు మింగబోయే బిళ్ళల వరసలు కూడా ముందే నింపి ఉంచాను. ఆదివారం పొద్దున నాకు నేనే మెచ్చుకోలుగా ఆ కాగితం చూసుకుంటుంటే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. నాలుక ఎండి అంగిలికి అంటుకుంటోంది. పడుకునే వర్నియర్ చేతిలోకి తీసుకుని చూద్దును కదా, సన్న గీతలన్నీ కలిసి ఒక మసక పట్టీ అయ్యాయి. నాకు చెమటలు పట్టింది అప్పుడే, నొప్పికి కాదు. "గీతలు కనపడట్లేదురా" అన్నాను. పెద్దపల్లి నా మొహం, కాగితం మార్చి మార్చి చూసి, "ఏందన్నా గిట్లయినవ్. రిమార్కులల్ల జెర ఇది సుత రాస్కో" అని, చెప్పులేసుకుని కిందికి పరిగెత్తాడు.

కింద ఉండేది మా ఇంటి ఓనరు. నరసాపురం నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. గల్లీ మొత్తానికి ఆవిడ సిస్టరమ్మ. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తెల్ల చీర, చంకలో బైబిలు, అలాగే మెట్లెక్కి వచ్చారు. నేను మర్యాదగా కాగితం అందించాను. ఆవిడ దాన్ని మంచం మీద పెట్టి, ముందు బిళ్ళల అట్ట ముక్కలు రెండూ వెలుతురులో తిప్పి చూశారు.

"దీని పేరేంటి నాయనా?"

"కడుపు నొప్పి బిళ్ళ సిస్టరమ్మా."

"అది దాని పని. పేరు అడిగాను."

ఆవిడ పెద్దపల్లిని మళ్ళీ షాపుకి పంపారు. షాపాయన దగ్గర మిగిలిన సగం మీద ఏముందో అక్షరం పొల్లుపోకుండా రాసుకు రమ్మన్నారు. వాడు అరచేతి మీద రాసుకొచ్చాడు. సిస్టరమ్మ ఆ చేతిని పట్టుకుని చదివారు. కడుపు నొప్పి బిళ్ళ ఒక మందు కాదు, రెండు మందులు. ఒకటి పేగుల మెలిపెట్టుడును వదులు చేసేది, నోరు ఎండినా చూపు మసకబారినా మత్తుగా ఉన్నా దాని చలవే. రెండోది నొప్పికీ జ్వరానికీ వాడేది, అంటే మా డబ్బాలోని జ్వరం బిళ్ళే. (ఆ జ్వరం బిళ్ళను ఆవిడ రంగు, గీత చూసి గుర్తుపట్టారు. అయినా "గుర్తుపట్టానని నమ్మకు, పేరుంటేనే నమ్ము" అన్నారు.) రెండు పంపులూ వేరే గాని ట్యాంకు ఒకటేనని నాకప్పుడు అర్థమైంది.

"లెక్కలవాడివి కదా, కూడు" అన్నారు. కూడాను. కడుపు నొప్పివి నాలుగు, జ్వరానివి మూడు, మొత్తం ఏడు.

"ఒళ్లు బాగున్న పెద్దవాడికే రోజు మొత్తానికి ఎనిమిది దాటకూడదు. అదీ డాక్టరు చెప్తేనే. నువ్వు నిన్న సాయంత్రం నుంచి ఇవాళ మధ్యాహ్నం కాకముందే ఏడు కానిచ్చావు. ఈ కింద రాసినవేంటి?"

"రాబోయేవి సిస్టరమ్మా."

"ఏమి ముందుచూపు నాయనా. దాన్ని కొంచెం వెనక్కి తిప్పు. నొప్పి ఎక్కడ?"

"కడుపులో."

"కడుపంటే ఊరంత ఉంటుంది. వీధి చెప్పు."

నేను చూపించాను. నిన్న సాయంత్రం బొడ్డు చుట్టూ ఉండేది. ఇప్పుడు కిందికి, కుడివైపుకి వచ్చింది. అంతవరకూ చిరునవ్వుతో ఉన్న ఆవిడ మొహంలో నవ్వు పోయింది. అక్కడ వేళ్ళతో మెల్లగా నొక్కి టక్కున వదిలారు. నొక్కినప్పటి కంటే వదిలినప్పుడు ప్రాణం పోయినంత పనైంది. దగ్గమన్నారు. దగ్గాను, ఒక్కసారే.

"లే. చొక్కా తొడుక్కో. నోట్లో ఏమీ వెయ్యకు, నీళ్ళు కూడా."

"రేపు టెస్టు సిస్టరమ్మా. రేపు సాయంత్రం దాకా ఆగేలా ఇంకొక్కటి ఇవ్వండి, తర్వాత మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

"నొప్పి నోరు నొక్కేస్తే డాక్టరుకి సంగతి ఎవరు చెప్తారు, నువ్వా? నీకు వీధే తెలీదు."

ఆటోలో నా కాగితం ఆవిడ ఒళ్ళో ఉంది. ఆలుగడ్డబావి దాటుతుంటే సంచిలోంచి చిన్న పెన్సిలు ముక్క తీసి, నా ఆరు కాలమ్‌ల పక్కన, ఖాళీగా వదిలిన మార్జిన్‌లో ఒక గీత గీశారు. ఆటో గుంతలో పడింది, గీత వంకర పోయింది. ప్రాణం మీదికి వచ్చిన ఆ సమయంలో కూడా నాకు ఆ వంకర బాధ కలిగించిందని ఒప్పుకోవాలి. పైన 'ఎక్కడ' అని రాసి, శనివారం వరసల్లో 'బొడ్డు', ఆదివారం వరసల్లో 'కుడి కింద' అని నన్ను అడిగి అడిగి నింపారు. రాబోయే బిళ్ళల మీద అడ్డంగా కొట్టేశారు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఆ కాగితం తీసుకుని, ఆ చివరి కాలమ్ ఒక్కటి పైనుంచి కిందికి చదివి, నా వైపు చూడకుండానే నర్సును పిలిచాడు. తర్వాత తీరిగ్గా మిగతావి చూస్తూ, "టైములు బాగా రాసిండ్రు. ఎన్ని గోలీలు, ఎప్పుడు అనేది మాకు పనికొస్తది. ఇంకో రెండు ఏస్కొని కార్ఖానాకు పోయుంటే మాత్రం అపెండిక్స్ పగిలేదాకా తెలిసేది గాదు" అన్నాడు. సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది.

సోమవారం మెలకువ వచ్చాక నేను అడిగిన మొదటి మాట టెస్టు గురించి. సిస్టరమ్మ అప్పటికే కార్ఖానాకు వెళ్ళి, మా ఫోర్‌మన్‌ను చూసి వచ్చారు. ఆయన ఎదుట నిలబడి రెండు వాక్యాలు పూర్తిగా మాట్లాడినవాళ్ళను నేను ఎరగను. "ఏం చెప్పారు సిస్టరమ్మా?" అన్నాను. "అబ్బాయి చెయ్యి బాగానే ఉంది, కడుపే బాగోలేదన్నాను. వచ్చే బ్యాచితో కూర్చోమన్నాడు." ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడో పెద్దపల్లి తర్వాత చెప్పాడు, వాడు ఆవిడ వెంటే ఉన్నాడు కాబట్టి. ఫోర్‌మన్ బల్ల మీద కంటి చుక్కల సీసా, దాని పక్కన సరిగ్గా నేను మింగిన బిళ్ళల అట్ట ఉన్నాయట. "సార్‌కు కండ్లల్ల ప్రెషరంట. అమ్మ అట్ట చేత్ల వట్టుకొని, దీనితోని కండ్ల ప్రెషర్ ఇంక పెరుగుతది, కంటి డాక్టర్‌ను అడగకుండ ముట్టొద్దని గట్టిగ చెప్పింది. సార్ అచ్చం నీ లెక్కనే చెప్పినట్టు ఇన్నడన్నా." నా సంగతి ఆ తర్వాత ఒక్క నిమిషంలో తేలిపోయిందట.

నెల తర్వాత టెస్టుకు కూర్చున్నాను, ఉద్యోగం వచ్చింది, మా నాన్నగారి మాట ఆలస్యంగానైనా నిజమైంది. మా బిస్కెట్ల డబ్బాను సిస్టరమ్మ స్వయంగా ఖాళీ చేసి, పేరు లేని ముక్కలన్నీ తీసేసి, అందులో బిస్కెట్లు పోసి ఇచ్చారు. ఇప్పటికీ మందుల షాపులో కత్తెర తీస్తే నేను, పేరున్న వైపు నాకివ్వండి అంటాను. వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. ఇప్పటికీ కాగితాలు రాస్తూనే ఉన్నాను, మనిషి అంత తొందరగా మారడు. ఆ పాతది కూడా దాచుకున్నాను. పసుపు రంగుకు తిరిగింది గాని పెన్సిలు రాత చెరగలేదు. అప్పుడప్పుడు తీసి, అంత నీటుగా గళ్ళు కొట్టి అసలు సంగతి వదిలేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. అందులో నిలువు గీతలు ఎనిమిది. స్కేలుతో గీసినవి ఏడు, చేత్తో గీసింది ఒకటి.