చేపలన్న తొట్టెలో నాచు

సెలూన్ నడిపే అన్నదమ్ముల్లో పెద్దాయనను వీధంతా చేపలన్న అంటుంది. జుట్టు కత్తిరించడం ఆయన వృత్తి. తలుపుకు దూరంగా మూలన పెట్టిన చేపల తొట్టె ఆయన ప్రాణం. అందులో ప్లాస్టిక్ మొక్క ఒక్కటీ లేదు. అన్నీ వేళ్లూనుకున్న పచ్చి మొక్కలే, వాటి మధ్య అగ్గిపుల్లంత చేపలు. అలాంటి తొట్టెకు నాచు పట్టింది. గాజు మీద ఆకుపచ్చ పూత, ఆకుల మీద వెంట్రుకల్లాంటి పోగులు. తొట్టెకే ముందు కటింగ్ చెయ్యమని గిరాకీలు ఆటపట్టించారు.

తమ్ముడు మాత్రం నవ్వలేదు. "ఆదివారం దాకా చూస్తా అన్నయ్యా. అప్పటికీ ఇలాగే ఉంటే తొట్టె తీసేసి అక్కడ మూడో కుర్చీ వేద్దాం" అన్నాడు. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పైగా కుర్చీ అప్పుడే తెచ్చి వెనక గదిలో పెట్టేశాడు.

చేపలన్న ఊరుకుంటాడా? పాత బ్లేడుతో గాజు గీకాడు. నీళ్లు మార్చాడు, మేత తగ్గించాడు, తొట్టె మీది లైటు తొందరగా ఆర్పాడు, నత్తల్ని తెచ్చి వదిలాడు. నత్తలు తిన్నంత తిన్నాయి, నాచు పెరిగినంత పెరిగింది. ఎక్కడినుంచో వెలుతురు ఎక్కువ పడుతోందని ఆయనకు అనుమానం. ఎక్కడినుంచో మాత్రం అంతుపట్టలేదు.

శుక్రవారం ఆయన భోజనానికి ఇంటికి బయలుదేరుతుంటే లెక్కల మాస్టారు గడ్డం గీయించుకోవడానికి వచ్చారు. తొందరగా ఉందంటే ఆగాడు. ఒక చెంప అయింది. రెండో చెంపకు కత్తి ఆనించబోతుంటే మాస్టారు కళ్లు చికిలించారు.

"ఏంటయ్యా, మీ కొత్త అద్దంలోంచి ఎండ కళ్లల్లో పొడుస్తోంది" అంటూ తల పక్కకు వాల్చారు. ఆ వెలుగు తిన్నగా వెళ్లి మూలనున్న తొట్టె మీద పడింది.

చేపలన్న చెయ్యి ఆగిపోయింది. పక్క గోడకున్న ఆ నిలువుటద్దం పోయిన నెల ముచ్చటపడి కొన్నది తానే. తలుపులోంచి వచ్చిన మధ్యాహ్నపు ఎండను అది పట్టి తొట్టెకు అందిస్తోంది. ఆ వేళకు తాను ఇంట్లో అన్నం తింటూ ఉంటాడు. కొట్లో ఉండే తమ్ముడు తొట్టె వైపే చూడడు. పిల్లాణ్ని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆయన సంతోషం పట్టలేక అద్దం దగ్గరకు పరుగెత్తి తువ్వాలు కప్పాడు. తొట్టె మీది వెలుగు పోయింది. తీశాడు, వచ్చింది. మళ్లీ కప్పాడు.

"దొరికింది మాస్టారూ, దొంగ దొరికింది."

"సంతోషం నాయనా. నా రెండో చెంప సంగతి చూడు."

ఆ సాయంత్రమే అద్దం దించేశాడు. కానీ నాచు రెండు రోజుల్లో పోయేది కాదు. ఆదివారం తమ్ముడు వంగి చూస్తే పాత ఆకుల మీద పోగులు అలాగే ఉన్నాయి. చేపలన్న మొక్క నడుమకు వేలు చూపించాడు.

"కొత్తగా వచ్చిన ఆకు చూడరా" అన్నాడు.

మొక్క నడుమ గోరంత లేతాకు, ఒక్క పోగు లేకుండా నిగనిగలాడుతోంది. దాని పక్కకు ఒక చేప వచ్చి ఆగింది. అది కదిలితే తమ్ముడి తలా దానితోపాటే కదిలింది.

"సరే, మరి ఆ కుర్చీ ఏం చేద్దాం?"

"అద్దం తీసిన చోట వెయ్యి, తొట్టెకు ఎదురుగా."

"అద్దం లేకపోతే జనం ఏం చూసుకుంటారు?"

"చేపల్ని."

ఇప్పుడు గిరాకీ అంతా ఆ కుర్చీకే. కటింగ్ ఎలా కుదిరిందని ఎవరూ అడగరు, అయిపోయిందన్నా లేవరు. కాస్త తీరిక దొరికితే అందులో చతికిలపడేది తమ్ముడే. బయట జనం ఎదురుచూస్తున్నారని చేపలన్న కేకేస్తే, "ఉండు అన్నయ్యా, ఇంకో ఆకు విచ్చుకుంటోంది" అంటాడు.