నీళ్ళు పోసిన చేతికి బుధవారం సెలవు లేదు

కథోలిక గుడివాళ్ళు నడిపే ఆ ఆస్పత్రి ప్రసూతి వార్డు అల్మరాలో, పై అరలో, నల్ల అట్ట రిజిస్టరు ఒకటుంది. పుట్టీ పుట్టగానే ప్రాణం మీదికొచ్చిన పసివాళ్ళకి, కన్నవాళ్ళు కోరితే, గుడి ఫాదర్ గారు వచ్చేదాకా ఆగకుండా అక్కడికక్కడే ఇచ్చిన జ్ఞానస్నానాల వివరాలు అందులో రాస్తారు. తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, బిడ్డ దక్కిందా లేదా. చివరి గడిలో, ఇచ్చింది ఎవరు. ఇరవై నాలుగేళ్ళ పాటు ఆ చివరి గడిలో వార్డు పెద్ద సిస్టర్ పేరొక్కటే కనిపిస్తుంది. నిజానికి అందులో పందొమ్మిది సార్లు నీళ్ళు పోసింది పెద్ద సిస్టర్ కాదు. వార్డు ఆయా.

ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయా ఎదురుగా నిలబడి ఉండగానే పెద్ద సిస్టర్ తన పేరు రాసుకునేది. "ఆయా పోసిందని రాస్తే పైనుంచి వంద ప్రశ్నలొస్తాయి. నువ్వేమీ అనుకోకు," అనేది. ఆయా అనుకుందేమో గానీ ఏనాడూ అనలేదు. ఆ పసిదానికి చివరి నిమిషంలో ఒక మనిషి చెయ్యి తగిలింది, అది చాల్లే అని సరిపెట్టుకుంది. ఇలా సరిపెట్టుకునేవాళ్ళ వీపుల మీదే మన ఆస్పత్రులూ బళ్ళూ గుళ్ళూ నడుస్తున్నాయి. వాళ్ళ పేర్లు మాత్రం ఏ గడిలోనూ పట్టవు.

కాన్పు గదికి వేణ్ణీళ్ళు మోసీ మోసీ ఆమె పేరే వేణ్ణీళ్ళక్క అయిపోయింది. డాక్టర్లూ అదే అంటారు, మందులషాపతనూ అదే అంటాడు. యాభై మూడేళ్ళు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా డ్యూటీ. ఇరవై ఆరేళ్ళుగా కాంట్రాక్టు మనిషే.

ఇంకో మాట ముందే చెప్పాలి. అంతమంది పసివాళ్ళకి జ్ఞానస్నానం ఇచ్చిన వేణ్ణీళ్ళక్కకి జ్ఞానస్నానం లేదు. ఈ ఈస్టర్‌కి తీసుకోవాలని ఆమె కోరిక. అది జరిగేదీ లేనిదీ బుధవారం సాయంత్రం ఆరు గంటల దగ్గర చిక్కుకుని ఉంది. ఎలాగో చెప్తాను.

పనిలో చేరిన రెండో ఏడు, ఉతికొచ్చిన పిల్లగుడ్డలు మడతపెడుతూ పెద్ద సిస్టర్ ఆమెకి ఈ పద్ధతి నేర్పింది. తువ్వాలు చుట్టి బిడ్డలా పడుకోబెట్టి, చిన్న గ్లాసు చేతికిచ్చింది.

"తల మీద మూడు సార్లు పొయ్యాలి. పోస్తూ, పిత పుత్ర పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను అనాలి. ఒక్క మాట తప్పకూడదు."

"నేను మీవాళ్ళని కాదుగా సిస్టర్."

"ప్రాణం పోయే వేళ ఎవరైనా ఇవ్వొచ్చు. తిరుసభ, అంటే మా గుడి, ఏం చేస్తుందో అదే నేనూ చేస్తున్నానని మనసులో అనుకుంటే చాలు."

"అంత పెద్ద పని బయటివాళ్ళ చేతికెలా ఇచ్చారండీ?"

"తలుపు దగ్గర ఎవరుంటే వాళ్ళు తీస్తారు. లోపలివాళ్ళు లేచొచ్చేదాకా పిల్ల వానలో నిలబడాలా?"

ఆ రోజు తువ్వాలుకి జ్ఞానస్నానం మూడు సార్లు జరిగింది. మూడోసారికి తువ్వాలు పిండాల్సి వచ్చింది. తర్వాత నెల రోజులు వార్డు తుడుస్తూ ఆ మాటలు గొణుక్కుంటుంటే, ఎవరినో తిట్టుకుంటోందని బాలింతలు అనుకున్నారు.

పందొమ్మిది మందిలో పద్దెనిమిది మంది పోయారు. కొందరు గంటలో, కొందరు రెండు రోజులకి. ఒక్కతే దక్కింది. ఓ దర్జీ ఆవిడకి ఏడో నెలలో పుట్టిన ఆడపిల్ల. కిలోన్నర కూడా లేదు, పెదాలు నీలంగా ఉన్నాయి. పెద్ద సిస్టర్ ఆపరేషన్ గదిలో ఇరుక్కుపోయింది. మంచం మీద నుంచి దర్జీ ఆవిడే, "అక్కా, నువ్వన్నా పొయ్యవా," అని చెయ్యి పట్టుకుంది. మూడోసారి నీళ్ళు పడగానే పిల్ల ఏడ్చింది. రెండు నెలలు గాజుపెట్టెలో ఉంచి ఇంటికి పంపారు. ఆ తర్వాత గుళ్ళో మిగతా క్రమమంతా, తల మీద పరిశుద్ధ తైలం, తెల్ల వస్త్రం, వెలిగించిన కొవ్వొత్తి, ఫాదర్ గారే పూర్తి చేశారు. నీళ్ళు మళ్ళీ పొయ్యలేదు. అవి అయిపోయాయి కాబట్టి.

ఆ పిల్లకిప్పుడు పద్నాలుగేళ్ళు. తొమ్మిదో ఏట మొదటి దివ్యసత్ప్రసాదం, క్రీస్తు శరీరంగా పూజలో ఇచ్చే అప్పం, తీసుకుంది. ఈ పెంతెకొస్తు పండుగకి పీఠాధిపతి, అంటే బిషప్ గారు, వచ్చి భద్రమైన అభ్యంగనం, విశ్వాసంలో స్థిరపరిచే తైలం, ఇవ్వాలి. దానికోసం తల్లిదండ్రులని గుడి పక్క గదిలో కూర్చోబెట్టి కాగితాలు సరిచూస్తుంటే, దర్జీ ఆవిడ మంచి మనసుతోనే ఓ మాట అంది. "రిజిస్టర్లో పెద్ద సిస్టర్ అని ఉంది గానీ, పోసింది వేణ్ణీళ్ళక్కండీ. నా కళ్ళతో చూశాను."

కాగితాలు చూస్తున్న ఉపదేశి మాస్టారు కలం ఆపాడు. బడిపంతులుగా రిటైరైన మనిషి, విచారణలో, అంటే ఆ గుడి పరిధిలో, మతపాఠాల క్లాసులన్నీ ఆయనవే. "ఆవిడ మన మతం మనిషి కాదే," అన్నాడు.

అంతే. గది అట్టుడికినట్టు ఉడికింది. మరి పిల్లకి జ్ఞానస్నానం అయినట్టా కానట్టా? అవకపోతే ఐదేళ్ళుగా తీసుకుంటున్న సత్ప్రసాదం మాటేమిటి? మర్నాడు పిల్ల నాయనమ్మ ఆస్పత్రికే వచ్చేసింది. వేణ్ణీళ్ళక్క బకెట్ దించకముందే పట్టుకుంది.

"అమ్మాయ్, పెద్ద సిస్టరే పోసిందని ఫాదర్ గారికి ఒక్క మాట చెప్పు. నీ సొమ్మేం పోతుంది? కాదనడానికి ఆవిడా లేదు, పోయి రెండేళ్ళయింది."

"ఆవిడ లేదు కాబట్టే చెప్పలేను పిన్నీ."

"పిల్ల బతుకు తేలేది నీ నోటి మీద."

"అందుకే అబద్ధం చెప్పనంటున్నా. ఆ రోజు పిల్ల తల మీద పోసిన నీళ్ళలో అబద్ధం కలవలేదు, ఇప్పుడూ కలపను."

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు అందరినీ తన గదికి పిలిచారు. కుర్చీ చూపించినా వేణ్ణీళ్ళక్క గోడవారనే నిలబడింది. ఆయన ఒక్కొక్కటే అడిగారు.

"ఏ నీళ్ళమ్మా?"

"కాచి చల్లార్చినవి. మోచేత్తో చూసి పోశాను. చన్నీళ్ళు దేవుడికి చెల్లుతాయేమో గానీ, ఏడో నెల బిడ్డకి చెల్లవు కదండీ."

ఫాదర్ గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "ఎక్కడ పోశారు?"

"తల మీద. మూడు సార్లు. కారి చెవిలోకి పోకుండా దూది అడ్డం పెట్టాను."

"ఏమన్నారు?"

ఆమె గోడ వదిలి నిటారుగా నిలబడి ఆ మాటలు చెప్పింది. ఒక్క అక్షరం తడబడలేదు. దర్జీ ఆవిడ పమిటతో కళ్ళు తుడుచుకుంది.

"అప్పుడు మనసులో ఏమనుకున్నారు?"

"మీ గుడి ఏం చేస్తుందో అదే చేస్తున్నా అనుకున్నాను. ఇంకా, బతకవే తల్లీ అని కూడా అనుకున్నాను. అది అనుకోవచ్చో లేదో పెద్ద సిస్టర్ చెప్పలేదు."

"అనుకోవచ్చు," అన్నారాయన. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి, "పూర్తిగా చెల్లుతుంది. ఇచ్చేవాళ్ళకి జ్ఞానస్నానం లేకపోయినా, అలాంటి అవసరంలో నీళ్ళూ మాటలూ ఉద్దేశమూ సరిగ్గా ఉంటే ఇచ్చేది క్రీస్తే. రెండోసారి ఇవ్వకూడదు. పుట్టిన బిడ్డని మళ్ళీ కనలేం కదా," అన్నారు. ఆస్పత్రి నుంచి తెప్పించిన నల్ల రిజిస్టరులో ఆ ఒక్క గడి ఆయన అప్పుడే దిద్దారు.

అందరూ లేవబోతుండగా పిల్ల నోరు విప్పింది. "ఫాదర్, అభ్యంగనం రోజు నా వెనక భుజం మీద చెయ్యేసి నిలబడే జ్ఞానతల్లిగా ఈ పెద్దమ్మ ఉండొచ్చా?"

"కుదరదమ్మా. జ్ఞానతల్లిగా ఉండేవాళ్ళు మూడూ అందుకుని ఉండాలి. జ్ఞానస్నానం, అభ్యంగనం, సత్ప్రసాదం."

"నాకు ఇవ్వడానికి సరిపోయింది, నా వెనక నిలబడ్డానికి సరిపోదా?"

"నోరు," అంది నాయనమ్మ.

ఫాదర్ గారు వేణ్ణీళ్ళక్కని చూశారు. "ఇన్నేళ్ళు మా మధ్యే ఉన్నారు. తీసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"అనిపించకేం."

"మరి అడగలేదే?"

"ఉద్యోగం పర్మనెంట్ చేస్తారని మతంలో చేరుతోంది అంటారండీ. ఆ మాట పడలేను." ఆయన్ని సూటిగా చూసి, "మీరూ అడగలేదుగా," అంది.

"అడగలేదు," అన్నారాయన తల వంచుకుని. "ఇప్పుడు అడుగుతున్నాను."

ఇంటికెళ్ళి చెప్తే, పంపుసెట్లు బాగుచేసే ఆమె మొగుడు చేతి గ్రీజు తుడుచుకుంటూ అడిగాడు.

"పర్మనెంట్ కోసమేనా?"

"నువ్వూ ఆ మాటే అంటావా?"

"ఊరంతా అంటుంది, ముందు నా దగ్గర అలవాటు చేసుకో," అన్నాడు. "ఇన్నాళ్ళూ అందరికీ పోశావు. నీకు పోసేవాళ్ళకి చెప్పు, నీళ్ళు కాచమని. అసలే నీకు జలుబు ఒళ్ళు." అదే అతని అనుమతి. అతనికి ఇంతకన్నా మెత్తగా మాట్లాడ్డం రాదు.

పెద్దయ్యాక చేరేవాళ్ళకి ఈ మూడింటినీ ఒకే పూజలో, ఈస్టర్ ముందు రాత్రి జాగరణలో ఇస్తారు. దానికి ముందు ప్రతి బుధవారం సాయంత్రం ఆరింటికి క్లాసులుంటాయి. వేరే ఆయాని బతిమాలి డ్యూటీ మార్చుకుని ఆమె మొదటి బుధవారం వెళ్ళింది. తొమ్మిది మంది ఉన్నారు, ఆఫీసు ఉద్యోగులూ కాలేజీ పిల్లలూ. ముందు కడుగుడు, తర్వాత తైలం, తర్వాత భోజనం, ఈ వరస ఎందుకో ఎవరైనా చెప్పగలరా అని ఉపదేశి మాస్టారు అడిగాడు. కాలేజీ పిల్లలు పుస్తకంలో వెతికారు. వేణ్ణీళ్ళక్క చెయ్యెత్తింది.

"పిల్ల పుడితే మేం చేసేది అదేగా మాస్టారూ. కడుగుతాం. నూనె రాసి ఒళ్ళు గట్టిపడేలా రుద్దుతాం. అమ్మ ఒళ్ళో పెట్టి పాలు పట్టిస్తాం. ఏ ఒక్కటి మానినా పిల్ల నిలవదు. మొదటి రెండూ ఎవరైనా చెయ్యొచ్చు గానీ, మూడోది తల్లి తన ఒంట్లోంచి ఇవ్వాలి. మీ దేవుడు కూడా అంతేనేమో, తన ఒంట్లోంచే ఇస్తాడు."

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా తను చెప్తున్న పాఠం అది. ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేదు.

అయినా రూలు రూలే అంటున్నాడాయన. సగానికి పైగా క్లాసులకి వస్తేనే జ్ఞానస్నానానికి పేరు పంపుతాడు. మొత్తం పన్నెండులో ఎనిమిది అయ్యాయి, ఆమె వెళ్ళింది మూడింటికి. నాలుగోసారి డ్యూటీ మార్చుకోబోతే సూపర్‌వైజరు కుదరదన్నాడు. ఫాదర్ గారు ఆస్పత్రి ఆఫీసుకి ఫోన్ చేస్తే, కాంట్రాక్టు వాళ్ళ డ్యూటీలు ఏజెన్సీ చూస్తుందన్నారు. ఏజెన్సీని అడిగితే ఆస్పత్రి చూస్తుందన్నారు. పొద్దున పూట ఆమె ఖాళీయే కదా, నేనే చెప్తానని ఫాదర్ గారంటే విచారణ సభలో పెద్దలు ఒప్పుకోలేదు. ఒకరికి వేరే క్లాసు పెడితే రేపు అందరూ అడుగుతారట.

అడగనివ్వండి. వంటగదిలో చేసేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు అడగనివ్వండి. ఆరు గంటలకి ఖాళీగా ఉండడం విశ్వాసానికి గుర్తని ఎవరన్నారు? ఆ వేళ కొందరికి పని అయిపోతుంది, కొందరికి సగం కూడా కాదు. ఆ గడియారం పెట్టినవాళ్ళలో వేణ్ణీళ్ళక్క లాంటి మనిషి ఒక్కరూ లేరు.

ఈస్టర్ ఇంకా నాలుగు వారాలుంది. ఈ ఆదివారం పూజ అయ్యాక విచారణ సభ మళ్ళీ కూర్చుంటుంది. దర్జీ ఆవిడ వస్తానంది. పిల్ల కూడా వస్తానంది, మాట్లాడనివ్వరని తెలిసీ. నాయనమ్మ అయితే ముందు వరసలో కూర్చుంటానని మాటిచ్చింది. ఆమె ముందు వరసలో కూర్చుంటే ఎవరూ నిద్రపోరు.

ఆ విచారణలో మీరుంటే రండి. పొద్దున పది గంటలకి క్లాసు పెట్టమని చెయ్యెత్తండి. ఉంటున్నది ఇంకెక్కడైనా అయితే, మీ గుళ్ళోనో బళ్ళోనో ఆస్పత్రిలోనో మీ చుట్టూ పనిచేస్తున్నవాళ్ళలో ఎవరినైనా ఆపి, ఏ వేళ ఖాళీ అని అడగండి. వాళ్ళు చెప్పిన వేళకి తలుపు తెరిచి ఉంచమని మీ పెద్దలకి రాయండి. ఈ వారమే రాయండి.