పెళ్ళిచూపుల్లో ఎక్స్‌పీ

ఆ రోజుల్లో కంప్యూటర్ బాగుచేసేవాడికి ఊళ్ళో దాదాపు డాక్టరంత మర్యాద ఉండేది. ఇప్పుడు బడికెళ్ళే పిల్లలు కూడా ఫోన్లో వేలు ఆడించి తమ తంటాలేవో తామే పడుతున్నారు కాబట్టి ఆ మర్యాద ఎలాంటిదో చెప్పినా ఎవరూ నమ్మరు. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి కాస్త అవతల, ఒక మేడ మీద ఉన్న చిన్న షాపులో నేను పనికి కుదిరే నాటికి ఇళ్ళల్లోనూ ఆఫీసుల్లోనూ ఎక్కువగా విండోస్ 98 నడిచేది. వచ్చీపోయే కరెంటుతో, దుమ్ము పట్టిన పాత మెషీన్ల మీద పాపం అది నడిచినంత నడిచేది, లేకపోతే ఆగిపోయేది. "ఓసారి కట్టేసి మళ్ళీ వెయ్యండి" అని చెప్పడమే నా ఉద్యోగంలో సగం. (మిగతా సగం సీపీయూ మూత తీసి చీమల్ని దులపడం. బెల్లం ఊళ్ళో చీమలు ఎక్కడికైనా వెళ్తాయి.) అలాంటప్పుడు విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. చూడ్డానికి నీలంగా, నున్నగా, కొత్త రంగు వేసిన ఇల్లులా ఉండేది. ఊరికే ఆగిపోదనీ, కెమెరా తగిలిస్తే ఫొటోలు దానంతటదే అడిగి తీసుకుంటుందనీ పేరు పడిపోయింది. పాత మెషీనుకి ఏ జబ్బు చేసినా జనం మందు పేరు తామే చెప్పేవారు, "ఎక్స్‌పీ ఎక్కించెయ్ బావూ" అని. ఎక్స్‌పీ సీడీ జేబులో ఉంటే నాకూ నడకలో కొంత తేడా వచ్చేది. అది దాచుకోవడం ఎందుకు?

ఆ నడక చూసే మా పెద్దత్త నాకు పెళ్ళి సంబంధం తెచ్చింది. పెద్దత్త అంటే మా నాన్నకి అక్క. తిమ్మిని బమ్మిని చెయ్యడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. బుచ్చయ్యపేట దగ్గర పల్లెటూళ్ళో చెరకు రైతు కుటుంబం, అమ్మాయి అనకాపల్లిలో డిగ్రీ కంప్యూటర్లు చదువుతోందట. నా గురించి అక్కడ ఏం చెప్పావని అడిగితే, "ఇంజనీరని సెప్పేను. తప్పేటి? ఇంజన్ ఇప్పుతావు కదా" అంది. ఆ ఇంటికి ఏడాదిన్నర కిందట ఒక దెబ్బ తగిలిందని కూడా చెప్పింది. అమ్మాయికి ఒక్కడే అన్నయ్య, మోటారు సైకిలు మీద ఇంటికి వస్తూ లారీ కింద పడి పోయాడట. "ఆ ఇంట్లో ఆడి మాట ఎత్తకు. ఆయన్ని మావయ్యా అని నోరారా పిలు. మిగతాది నేను సూసుకుంతాను" అని దారి పొడుగునా బస్సులో నాకు పాఠం చెప్పింది.

వెళ్ళాం. మంచినీళ్ళయ్యాయి, జంతికలయ్యాయి. అమ్మాయి ఇంకా లోపల తయారవుతోంది. అమ్మాయి తండ్రి మితభాషి. నన్ను చాలాసేపు చూసి, చివరికి గది మూలకి చెయ్యి చూపించి, "బావూ, మీరు కంపూటర్లు సూత్తారంట కదా. అది మావోడు కొన్నాడు. ఆడు పోయినకాణ్ణుంచి ఎవులం ముట్లేదు. ఇప్పుడు అమ్మాయికి సదువుకి కావాల. ఏస్తే నల్లగా ఉండిపోతంది. ఏదో ఎక్స్‌పీ అంటన్నారు, అది ఎక్కిత్తే లెగుత్తాదేటి?" అన్నాడు. కుట్టుపువ్వుల గుడ్డ కప్పి ఉంది దాని మీద. నాకు పెళ్ళిచూపుల్లో ఇంతకన్నా ఏం కావాలి? సీడీ జేబులోనే ఉంది. (పెళ్ళిచూపులకి సీడీ ఎందుకు పట్టుకెళ్ళానని అడగకండి.) "ఎంతసేపు మావయ్యా!" అని చొక్కా చేతులు మడిచాను.

ఇంటిల్లిపాదీ నా వెనక కూర్చున్నారు. సీడీ గిర్రున తిరిగింది, తెర నీలమైంది, తెల్ల అక్షరాలు వచ్చాయి. చుట్టూ అంతమంది ఉండేసరికి నాకు వ్యాఖ్యానం చెప్పాలనిపించింది. "ఇదిగో, ఇక్కడ పాతదంతా కనిపిస్తోంది. దీన్ని మొత్తం తుడిచేస్తాం. నేల శుభ్రంగా దున్నినట్టు అయిపోతుంది. అప్పుడు కొత్తది ఎక్కుతుంది. ఇంక ఈ బటన్ నొక్కితే..." అని వేలు గాల్లోకి లేపాను. రైతు ఇల్లు కదా, దున్నడమన్న పోలిక బాగా కుదిరిందని లోపల మురిసిపోయాను కూడా.

"నొక్కకండి!" అని లోపలి గదిలోంచి కేక వచ్చింది. ఆ వెంటనే అమ్మాయి వచ్చేసింది. సగం అల్లిన జడ చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఇంకా సరిగ్గా కుదరకుండానే. అలా చూశాను నేను ఆ అమ్మాయిని మొదటిసారి. నావైపు చూడలేదు ఆమె. తెరవైపే చూస్తూ, "తుడవకండి. అందులో అన్నయ్య ఉన్నాడు" అంది.

మా పెద్దత్త, "ఇదేటమ్మా, పెళ్ళికొడుకు మీద అలా అరిసీసేవు..." అని మొదలుపెట్టి, అమ్మాయి తల్లి మొహం చూసి ఆపేసింది. నేను వేలు దించి, వైరు పీకేశాను. తర్వాత తెలిసింది, ఆ అబ్బాయికి మైకు ఒకటి కొనుక్కుని ఇంట్లోవాళ్ళ గొంతులు కంప్యూటర్లోకి ఎక్కించే సరదా ఉండేదట. అవి అందులో అలాగే ఉండిపోతాయని ఇంట్లో చెల్లెలికి తప్ప ఇంకెవరికీ తెలీదు. "లోపల ఉన్నవి పోవు కదండీ?" అంది అమ్మాయి, అప్పుడు మొదటిసారి నావైపు చూసి. ఏమీ కాలేదు, అవన్నీ ఉన్న డిస్కు విప్పి షాపులో ఇంకో మెషీనుకి తగిలిస్తే అన్నీ బయటికి తీయొచ్చు అని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే తేడాగా వినిపించింది. వ్యాఖ్యానం చెప్పిన గొంతు కాదది.

డిస్కు విప్పి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు తల్లి లేచింది. "ఇంట్లోంచి ఎల్లనివ్వను. ఓపాలి ఎల్లినోడు రానేదు" అంది. గట్టిగా అనలేదు. అంతకన్నా గట్టిగా అని ఉంటే నేనేదైనా సమాధానం చెప్పి ఉండేవాడినేమో. చివరికి ఆ తండ్రే నా చేతిలోంచి దాన్ని తీసుకుని, భుజం మీది తువ్వాలులో చుట్టి, "నేను తీసుకెల్తాను. నేనే తీసుకొత్తాను. నువ్వు కూకో" అన్నాడు భార్యతో.

ఆ బస్సు ప్రయాణం నాకు బాగా గుర్తు. కిటికీ పక్కన ఆయన, పక్కన నేను, వెనక సీట్లో మా పెద్దత్త. పెళ్ళిచూపులకి వెళ్ళి పెళ్ళికూతురి తండ్రిని వెంటబెట్టుకొస్తున్న మొదటి పెళ్ళికొడుకుని నేనేనని ఆవిడ వెనకనుంచి గొణుగుతూనే ఉంది. ఆయన మాత్రం ఆ మూటని ఒళ్ళో పెట్టుకుని, గోతులొచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాడు. పైన పెట్టండి అని కండక్టరు అంటే వినిపించుకోలేదు.

షాపులో డిస్కు తగిలించాను. ఫోల్డర్లు వచ్చాయి. అందులో ఒకదానికి 'ఇల్లు' అని పేరుంది. తెరిస్తే వరసగా చిన్న చిన్న సౌండ్ ఫైళ్ళు. మొదటిదాన్ని నొక్కాను. చెరకు గానుగ చప్పుడు, దాని మీదుగా ఒక పెద్దాయన గొంతు. "సదూకోరా అంటే పెట్టితో మాటాడతన్నాడు సూడు ఎర్రినాయాల! ఆ కర్ర తియ్యి నా నోటికాణ్ణుంచి! ఇందులోకి సెప్పితే ఎవులు ఇంటారు?" అని. ఆ వెంటనే పక్కనే ఎవరో కుర్రాడు పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది.

ఆయన కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నాడు. తిట్టింది ఆయనే, నవ్వింది కొడుకు. "మిగతాది?" అన్నాడు.

"అంతేనండి. కంప్యూటర్‌తో వచ్చే రికార్డరు ఒక్క నిమిషమే తీసుకుంటుంది. తర్వాత దానంతటదే ఆగిపోతుంది."

"నవ్వు అవనేదు కదా," అన్నాడు.

కంప్యూటర్ కోర్సులో చెప్పినవన్నీ ఒకసారి మనసులో తిరగేశాను, తెగిన నవ్వుని అతికించే పాఠం అందులో లేదు. ఆయన మళ్ళీ వెయ్యమన్నాడు. వేశాను. మళ్ళీ మళ్ళీ వేశాను. ఆ సాయంత్రం షాపుకి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగి, చూసి, తర్వాత వస్తామని సైగ చేసి వెళ్ళిపోయారు. మా పెద్దత్త, జీవితంలో మొట్టమొదటిసారి, మాట లేకుండా మెట్ల మీద కూర్చుంది.

అన్నిటినీ ఆ రాత్రే సీడీల్లోకి ఎక్కించి, డిస్కు ఆయన చేతికే తిరిగి ఇచ్చి, మంచి ముహూర్తం చూసుకుని (ఇది మాత్రం మా పెద్దత్త పట్టుబట్టింది) మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం, ఈసారి నిజంగా ఎక్స్‌పీ ఎక్కించడానికి. ఎక్స్‌పీ ఎక్కడం చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇంకా ఇన్ని నిమిషాలు పడుతుందని ఎడమవైపు రాసి ఉండేది. ఆ నిమిషాలు మన గడియారంలోవి కావు. ముప్పై తొమ్మిది దగ్గర వంట మొదలుపెట్టిన తల్లి, అన్నం వార్చి, పప్పు పోపు పెట్టి వచ్చి చూస్తే ఇంకా ముప్పై నాలుగే ఉంది. "పురుడు కూడా ఇంతసేపు పట్టదు," అంది పక్కింటి ముసలావిడ. చివరికి సంగీతం మోగి, ఆకుపచ్చ కొండా దాని మీద నీలాకాశమూ తెర మీదికి వచ్చాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆయన మాత్రం తెర దగ్గరికి వంగి, ఆ బొమ్మని చాలాసేపు పరీక్షగా చూసి, "ఎవులి బూమిది? ఇంత నేలెట్టుకుని ఏటీ ఎయ్యనేదేటి?" అన్నాడు. ఆ ఇంట్లో ఏడాదిన్నర తర్వాత అందరూ కలిసి నవ్వింది అప్పుడేనని ఆ అమ్మాయి తర్వాత నాతో చెప్పింది.

భోజనమయ్యాక ఆయన నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు. నాకు అర్థమైపోయింది. ముహూర్తాల మాటే. వినయంగా తల దించుకున్నాను. ఆయన కొబ్బరిచెట్టు కేసి చూస్తూ, "బావూ, ఎలా సెప్పాలో తెలీదు. నువ్వు మాకు నచ్చేవు. మీయత్త సెప్పినంత ఇంజనీరు కాదని కూడా తెలుసు, అయినా నచ్చేవు. కానీ అమ్మాయి ఏటంతందంటే... మా అన్నయ్యని బయటికి తీసినోడ్ని సూత్తే నాకు అన్నయ్యలాగే అగుపిత్తన్నాడు నాన్నా, ఇంకోలాగ సూళ్ళేను, అంతంది" అన్నాడు.

ఒక మగవాడు పెళ్ళిచూపుల్లో వినదగ్గ మాటల్లో ఇది ఎక్కడో చిట్టచివర ఉంటుంది. నల్లగా ఉన్నానంటే సరిపెట్టుకోవచ్చు, జీతం చాలదంటే పెంచుకోవచ్చు. అన్నయ్యలా ఉన్నానంటే ఏం చెయ్యాలి? బాధ కలగలేదని చెబితే అబద్ధం. సగం అల్లిన జడతో ఆ అమ్మాయి వచ్చి నిలబడ్డప్పటి నుంచీ నా మనసులో కొన్ని ఇళ్ళు కట్టుకున్నాను. కానీ ఎదురుగా ఆయన మొహం చూశాక ఆ ఇళ్ళ గురించి మాట్లాడబుద్ధి కాలేదు. "అలాగే మావ..." అని నాలిక్కరుచుకుని, "అలాగే బాబాయ్" అన్నాను. వరస మార్చడానికి పట్టినంత కాలం ఎక్స్‌పీ ఎక్కించడానికి కూడా పట్టలేదు నాకు. పెద్దత్త బస్సెక్కుతూ, "పెళ్ళికొడుకుని తీసుకెల్లి పెళ్ళికూతురన్నయ్యని తెచ్చుకున్నాను, నాయంత తెలివైంది ఇంకెవులున్నారు" అని తనను తానే తిట్టుకుంది.

రెండేళ్ళకి ఆ అమ్మాయి పెళ్ళయింది, రోలుగుంట వైపు ఒక బడి మాస్టారితో. హోమం దగ్గర పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పొయ్యాలి, అన్నదమ్ముల వరసవాళ్ళు రండి అని పంతులుగారు పిలిచారు. ఎవరూ కదల్లేదు. చుట్టాల్లో ఆ వరస కుర్రాళ్ళు లేకపోలేదు. అందరూ ఎందుకో ఆగారు. భోజనాల దగ్గర వడ్డన చూస్తున్న నన్ను బాబాయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టాడు. తొందరలో సగం పేలాలు కింద పోశాను. పెళ్ళికూతురు తలెత్తకుండానే, "మెల్లగా పొయ్యి అన్నయ్యా, తొందరేం లేదు," అంది. అంతకుముందు ఎప్పుడూ ఆమె నన్ను ఏ వరసా పెట్టి పిలవలేదు. హోమం పొగ కళ్ళలో పడిందని అక్కడ నాతోపాటు చాలామంది అన్నారు.

తర్వాత నాకూ పెళ్ళయింది. షాపు మూతపడింది. ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో కంప్యూటర్లు చూస్తాను, పొద్దున్నే కంపెనీ బస్సెక్కుతాను. ఎక్స్‌పీ తర్వాత ఎన్నో వచ్చాయి. ఇక దానికి మరమ్మతులు చెయ్యబోమని తయారుచేసినవాళ్ళు చెప్పేసి కూడా చాలాకాలమైంది. అయినా మా కంపెనీలో ఒక గదిలో, మందులు పరీక్షించే పాత యంత్రం ఒకటి దాన్ని తప్ప ఇంకెవర్నీ గుర్తుపట్టదు కాబట్టి, ఎక్స్‌పీ ఇంకా డ్యూటీ చేస్తోంది. చాలాచోట్ల అలాగే ఉందని మావాళ్ళు అంటారు. వదిలించుకోవడం చేతగాకో, వదలాలని లేకో.

బాబాయి ఇంట్లో కూడా ఉంది. ఆ అబ్బాయి ఎక్కించిన గొంతులు ఇప్పుడు చెల్లెలి ఫోన్లోనూ, పిల్లల ఫోన్లలోనూ, అన్నిచోట్లా ఉన్నాయి, వాటికి భయం లేదు. అందుకే ఈమధ్య కొత్త మెషీను ఒకటి పట్టుకెళ్ళి, ఇది తీసేద్దాం బాబాయ్, బొత్తిగా పాతబడిపోయింది అన్నాను. ఆయనకి వినికిడి తగ్గింది. రెండుసార్లు చెప్పాక విని, అడ్డంగా తల ఊపాడు. "కొత్తది ఆ పక్కనెట్టు. దాన్ని ముట్టకు. పెట్టి మావోడు కొన్నాడు. లోపలిది నువ్వు ఎక్కించేవు. ఏది తీసీమంతావురా?" అన్నాడు.

ఆయన చెప్పినట్టే కొత్తది పక్కన పెట్టాను. అల్లుడినై ఉంటే ఆ ఇంట్లో నాకు పట్టుబట్టలు పెట్టి, మంచం మీద కూర్చోబెట్టి, ఏం కావాలో అడిగి మర్యాదలు చేసేవాళ్ళు. నేను వెళ్తే పిన్ని, "వచ్చేవా, మిక్సీ కూడా ఆగిపోనాది, సూడు" అంటుంది. స్క్రూడ్రైవరు తీసుకుని వంటింట్లో నేల మీద కూర్చుంటాను.