ఆళ్లగడ్డ దాటిన పచ్చ చుక్క

నా ఉద్యోగ జీవితంలో ఒక్క లోపం కూడా లేకుండా చేసిన పని ఒకే ఒక్కటి. నా కొంప మునిగింది ఆ పనితోనే. మిగతావన్నీ అరకొరగానే చేశాను, వాటివల్ల ఇంతవరకు ఎవరికీ ఏ హానీ జరగలేదని మనవి.

అప్పట్లో నేను డ్రిప్పు పైపులు అమ్మే ఒక కంపెనీ కర్నూలు ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. వీడియో మీటింగుల కోసం కర్నూల్లో ఒక సర్వరు, కడపలో ఒక సర్వరు పెట్టారు. ఆ రెండిటినీ కలపాలి. కలిపితే ఇక్కడ ఎక్కించిన పేర్లు అక్కడా కనిపిస్తాయి. ఎవరు సీట్లో ఉన్నారో పేరు పక్కన పచ్చ చుక్క చెబుతుంది. కడప మేనేజరు ఈశ్వరమ్మ మేడం ముందే తేల్చి చెప్పారు.

"ఆదివారం కర్నూలు పని ముగించుకో. సోమవారం పొద్దున్నే బస్సెక్కి ఈడికి రా. మధ్యాన్నం ఓనరు వచ్చి చూస్తాడు. పనైంటే నీ ఉద్యోగం పర్మనెంటు. కాకుంటే నన్నడగొద్దు."

ఆదివారం నేను కోడుమూరులో మా అక్క కొడుకు పుట్టెంట్రుకల విందులో ఉన్నాను. అక్కడి పొట్టేలు కూర గురించి మొదలుపెడితే ఈ కథ ముందుకు సాగదు. మేడం ఫోన్ చేస్తే, "కర్నూలు పని అయిపోయింది మేడం" అన్నాను, నోట్లో ముక్క ఉండగానే.

సోమవారం పొద్దున ఆఫీసుకు పరుగెత్తి సర్వరు ముందు కూర్చున్నాను. గబగబా ముగించి, ఆ తర్వాత బస్సెక్కుదామని నా ఎత్తు. అంతలో ఫోన్ మోగింది.

"యాడుండావప్పా?"

"బస్సులో మేడం. పాణ్యం దాటినా."

పక్క సీట్లో లెక్కలు చూసే ఖాజా నా ప్రాణస్నేహితుడు. నేను అడక్కుండానే నోటితో హారన్ కొట్టాడు. ఆ తర్వాత గేరు కూడా మార్చాడు. అంత అవసరం లేదని సైగ చేసినా వినలేదు.

ఉగ్గాని తిని వచ్చేసరికి మళ్లీ ఫోన్. "నంద్యాల మేడం" అన్నాను. ఖాజా నా కుర్చీ చుట్టూ తిరిగి "టీ, టీ" అని అమ్మాడు. మూడోసారికి నేను ఆళ్లగడ్డ చేరుకున్నాను, కుర్చీ మాత్రం కదల్లేదు.

"ఓనరు ముందే వచ్చినాడప్పా. నా ఎదురుగానే కూచోనుండాడు. ఏం చెప్పాల?"

అదృష్టం కొద్దీ నా వైపు పని అప్పుడే పూర్తయింది.

"నేను వచ్చేదాకా ఎందుకు మేడం? నా పక్క నిన్ననే అయిపోయింది కదా. నేను చెప్పే పాస్‌వర్డు మీ సర్వర్లో కొట్టండి. రెండు పక్కలా ఒకటే ఉండాల, అంతే."

మేడం కొట్టారు.

"వచ్చినాయప్పా. కర్నూలు పేర్లన్నీ వచ్చినాయి. పక్కన పచ్చ చుక్కలు కూడా ఉండాయి."

సంతోషం పట్టలేకపోయాను. సంతోషంలో నోరు మూసుకోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు. ఫోన్ స్పీకర్లో పెట్టమని మేడంను అడిగి మరీ ఓనరుకు వివరించాను.

"సార్, ఆఫీసు కంప్యూటర్ ముందు మనిషి కూచోనుంటేనే ఆ చుక్క వస్తాది. లేచి పోతే ఆరిపోతాది. మనిషన్నా అబద్ధం చెప్తాడేమో గానీ చుక్క చెప్పదు సార్."

"శానా బాగుండాది" అన్నారు మేడం. "ఈడ మద్దిలేటి అని ఒక పేరుండాది. దాని పక్కన కూడా చుక్క ఉండాదే."

మద్దిలేటిని నేనే. సరిచూసుకుందామని పొద్దున్నే నా పేరుతోనే లాగిన్ అయ్యాను.

నా పరిస్థితి మీరే ఆలోచించండి. చుక్క తప్పంటే పని చెడినట్టు, ఉద్యోగం పోయినట్టు. చుక్క ఒప్పంటే నేను అబద్ధాలకోరునైనట్టు, అప్పుడూ ఉద్యోగం పోయినట్టే.

"చెప్పు మద్దిలేటీ" అంది ఓనరు గొంతు. "చుక్కది తప్పా, నీది తప్పా?"

"చుక్క కరెక్టే సార్" అన్నాను. నా పని మీద నాకంత మమకారం ఉందని ఆ క్షణం దాకా నాకూ తెలియదు.

మేడం ఆ చుక్క మీద నొక్కినట్టున్నారు, నా తెర మీద వీడియో దానంతటదే తెరుచుకుంది. పెద్దవాళ్లకు మీటలు నొక్కే శ్రమ ఉండకూడదని ఆ ఏర్పాటు చేసింది కూడా నేనే. కడప హాల్లో గోడంత తెర మీద ఫోన్ చెవికి పెట్టుకుని నేను కనిపించాను. అవతలి మాటలు వినపడని ఖాజా నా వెనక ఇంకా బస్సు నడుపుతూనే ఉన్నాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "చాగలమర్రి, చాగలమర్రి, దిగేవాళ్లు ముందుకు రావాల" అని అరుస్తున్నాడు.

ఓనరు నవ్వాపుకుని, కళ్లు తుడుచుకుని అన్నాడు. "ఆ కండక్టరుకు చెప్పప్పా, కడపకు రెండు టికెట్లు కొట్టమని."

ఉద్యోగం పర్మనెంటయింది. కాకపోతే కడపలో, ఈశ్వరమ్మ మేడం ఎదుటి సీట్లో. రెండో టికెట్టు ఖాజాది. "ఈడుంటే నీకు బస్సుతో పనుండదులే" అన్నారు మేడం.

అందుకే ఆ పచ్చ చుక్క మీద ఒట్టేసి చెబుతున్నాను. బస్సెక్కకుండా బస్సులో ఉన్నానని ఇక ఈ జన్మలో అనను. తప్పనిసరై అనాల్సి వస్తే, ముందు లాగౌట్ చేస్తాను.