మెరుగు పెట్టించిన పతకం

బొమ్మ చూసి మురిసిపోయి, పతకం అంచు చూడని వాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. రాజమండ్రిలో సోషల్ మేష్టారుగా పనిచేస్తూ ముప్పై దాకా సైనిక పతకాలు పోగుచేశాను. ముందువైపు బొమ్మ అందరిదీ ఒకటే. అసలు మనిషి ఉండేది అంచు మీద. నంబరూ, పేరూ, దళమూ అక్కడే చెక్కి ఉంటాయి. నంబరు దొరికితే సైన్యం రికార్డుల ఆఫీసుకు రాయొచ్చు, జవాబొస్తుంది. పేరొక్కటే రాస్తే, ఆ పేరుతో చాలామంది ఉన్నారని ఉత్తరం తిరిగొస్తుంది.

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడు, రావులపాలెం దగ్గర ఒక ఊళ్ళో ఓ మామ్మగారి దగ్గర పతకం ఉందని మా స్కూలు అటెండరు చెబితే వెళ్ళాను. ఆవిడ భర్త అరవై అయిదు యుద్ధం నాటికి సైన్యంలో ఉన్నాడు. తరవాత సెలవు మీద ఇంటికొచ్చి కామెర్లతో పోయాడు. కాగితాలు గోదావరి వరదలో పోయాయి. "యుద్ధమేంటి, కేంటీన్లో గిన్నెలు తోమాడు. ఆ బిళ్ళ సంతలో కొన్నాడు" అని ఊళ్ళో పెద్దమనుషులే అన్నారు. ముప్పై ఏళ్ళు ఆ మాట పడింది ఆవిడ.

"మా ఆయన సిపాయేనని ఒక్క కాగితం తెప్పించండి బాబూ. ఇంకేం వద్దండి" అంది.

పతకం నల్లబడింది. అంచు నిండా మట్టి గట్టిపడి, నంబరులో మొదటి రెండంకెలే కనిపించాయి. నాకు బస్సు వేళయింది. వచ్చే ఆదివారం భూతద్దం తెస్తాననీ, ఈలోగా తోమొద్దనీ, చింతపండు తగలనివ్వొద్దనీ మరీ మరీ చెప్పాను. వేపపుల్లతో మట్టి తీసి చూస్తే పదిహేను నిమిషాల పని. ఆ మాత్రం కూర్చోలేకపోయానే అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

ఆ ఆదివారం స్కూల్లో ఇన్‌స్పెక్షన్ పని పడింది. మళ్ళీ వెళ్ళేసరికి ఆగస్టు పదిహేను దాటిపోయింది. ఆ ఏడు ఊరూరా సైనికులకు సన్మానాలు. మా జిల్లాల వాళ్ళకు సన్మానమంటే ఎంత పిచ్చో చెప్పనక్కర్లేదు, శాలువా కప్పడానికి మనిషి దొరికితే చాలు. అక్కడి ఉత్సవ కమిటీ అధ్యక్షుడికి వేదిక మీద కూర్చోబెట్టడానికి ఒక సిపాయి కుటుంబం కావలసి వచ్చింది. 'సంతలో కొన్నాడు' అన్న మాట మొదట పుట్టించింది ఈ మహానుభావుడే. నల్ల బిళ్ళ ఫోటోలో బాగోదని పతకాన్ని పట్టుకెళ్ళి, షీల్డులు తయారుచేసే షాపులో పాలిష్ మిషను పట్టించి, బంగారు నీళ్ళు పూయించాడు. మేష్టారు తోమొద్దన్నారని ఆవిడ చెబుతూనే ఉందట. "నీకు తెలీదులే మామ్మా, ఊరుకో" అన్నాడట.

ఆవిడ ముఖమల్ పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. భూతద్దం పెట్టి అంచు చుట్టూ మూడుసార్లు తిప్పి చూశాను. అక్షరం లేదు, అంకె లేదు. సరాసరి అధ్యక్షుడి ఇంటికి వెళ్ళాను.

"రండి మేష్టారూ. పతకం ధగధగలాడిపోతోంది కదండీ? అంతా నా చేతి ఖర్చేనండి."

"అంచు మీద ఆయన పేరుండేదండి. అరగదీయించేశారు."

"పేరుదేముందండీ, ఆయన సిపాయని ఊరందరికీ తెలుసు."

"సంతలో కొన్నాడని చెప్పింది మీరే కదండీ?"

"అప్పటి సంగతులు ఇప్పుడెందుకండీ. కాఫీ తాగుతారా?"

సొమ్మొకడిది, సోకొకడిది. కాఫీ తాగకుండా లేచొచ్చేశాను.

ఆ రెండంకెలూ, పేరూ రాసి మూడు ఉత్తరాలు వేశాను. పూర్తి నంబరు పంపమనే మూడింటికీ జవాబు.

మరుసటి ఏడు పంచాయతీ ఆఫీసు పక్కన, ఆ ఊరి నుంచి సైన్యంలో చేరినవాళ్ళ పేర్లతో స్తూపం కట్టించారు. మామ్మగారి తరఫున నేనే వెళ్ళి ఆయన పేరు కూడా చెక్కించమని అడిగాను. "రేపు ఎవరైనా అడిగితే మాట వస్తుందండి. ఋజువు చూపించండి, చెక్కించేద్దాం" అన్నాడు అధ్యక్షుడు, మొహాన ఏ వికారమూ లేకుండా.

ఆవిష్కరణ రోజున ఆవిడ రమ్మంటే వెళ్ళాను. స్తూపం మీద అన్నిటికన్నా పైన, పెద్దక్షరాల్లో అధ్యక్షుడి పేరుంది. కింద ఆరుగురు సిపాయిల పేర్లు. ఆవిడకు చదువు రాదు. ఒక్కొక్కటీ చదివించుకుంది. ఆఖరి పేరు చదివి, అంతేనండీ అన్నాను.

"చెక్కడానికి ఋజువు కావాలన్నారు కదండీ" అంది. "చెరిపేసిన రోజున ఎవరూ అడగలేదండి."