అమ్మ ఇంటికి తెచ్చిన నీటికాకి

మొన్న మా వీధిలో రోడ్డు వేస్తూ పీపాల్లో తారు కాచారు. ఆ వాసన వంటింట్లోకి రాగానే నాకు ఒళ్లు మండింది. ఇరుగుపొరుగుకి అది రోడ్డు బాగుపడుతున్న వాసన. నాకు మాత్రం చిన్నప్పుడు కువైట్ సముద్రపు ఒడ్డున పీల్చిన చావు వాసన.

మాది కోనసీమ. నాన్న కువైట్‌లోని షుఐబాలో ఒక చమురు కర్మాగారంలో ఫోర్‌మన్. మేము అక్కడే రిగ్గై పేటలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. చలికాలం వచ్చి, ఇసుక గాలి అణిగి, ఎండ ఒంటికి హాయిగా తగిలే శుక్రవారాల్లో అమ్మ పొద్దున్నే లేచి ఇంగువ ఘాటుగా పులిహోర కలిపి, ఖుబ్జ్ రొట్టెలూ మజ్జిగ మిరపకాయలూ మినపసున్నుండలూ డబ్బాల్లో సర్దేది. కఫీల్ ఇంట్లో, అంటే తనకు వీసా ఇచ్చిన అరబ్బు ఇంట్లో, డ్రైవరుగా చేసే కడప ఓబులేసు మావయ్య యజమాని పికప్పు అడిగి తెచ్చేవాడు.

ఆ ఏడు మా బడి పుస్తకంలో పెంగ్విన్ల పాఠం ఉంది. అవి చూడాలని నేను పట్టుబడితే నాన్న నవ్వి, "మనకీ ఉన్నాయమ్మా, పద, చూపిత్తాను" అన్నాడు. దక్షిణాన తారు రోడ్డు అయిపోయి, ఉప్పు పొదల మధ్య బండి ఊగుతూ ఊగుతూ పోయి ఆగిన చోట ఆటుకి వెనక్కి తగ్గిన సముద్రం మెరుస్తోంది. బురదలో రాజహంసలు గులాబీ రంగు గుంపుగా తలలు వంచి మేస్తున్నాయి, దూరంగా డాల్ఫిన్ల వీపులు తేలి మునుగుతున్నాయి. రాళ్ల మీద నల్లటి పక్షులు నిటారుగా నిలబడి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. అవి నీటికాకులని, మా ఊరి కాలవల్లో మునిగేవాటి చుట్టాలేనని అమ్మకు తెలుసు. అయినా నా ముచ్చట చెడగొట్టలేదు. సాయంత్రం దాకా నేను వాటిలాగే చేతులు చాచి ఒడ్డంతా నడిచాను.

మరుసటి ఏడు పొరుగు దేశాల యుద్ధంలో సముద్రం నడుమ చమురు బావులు దెబ్బతిని, నెలల తరబడి నూనె నీళ్లలోకి కారింది. అక్కడ సముద్రపు నీళ్లనే శుద్ధి చేసి కుళాయిలకు వదులుతారు కాబట్టి, పెద్దవాళ్లు రేడియో చుట్టూ చేరి, తాగే నీళ్లకేమవుతుందో అని బెంగపడ్డారు. కుళాయిలకు ఢోకా లేదని తెలియగానే నిమ్మళించారు. పక్షుల మాట ఒక్కరూ ఎత్తలేదు.

ఆ వసంతంలో మళ్లీ వెళ్లాం. ఒడ్డు పొడవునా నల్లటి ముద్దలు. ఒక తాబేలు నోరు తెరుచుకుని చచ్చి పడి ఉంది. రాళ్ల కింద ఒక నీటికాకి రెక్కలు ఒంటికి అతుక్కుపోయి, కళ్లు మాత్రం ఆర్పుతూ కూర్చుంది. అమ్మ తువ్వాలు పరిచి దాన్ని ఎత్తింది.

"అది యాడ బతుకుతాది చెల్లెమ్మా, ఇడిసిపెట్టు. బండికి తారంటితే కఫీల్ నన్ను ఊరికి తోల్తాడు" అన్నాడు ఓబులేసు మావయ్య.

"ఒళ్లో పెట్టుకుంటానన్నయ్యా, నీ బండికి అంటనివ్వను" అని, అమ్మ నాన్న వైపు తిరిగింది. "ఇంత నూనె తియ్యడం వచ్చిందిగానీ, ఓ పిట్టని కడగడం ఎవరికీ రాదాండీ?"

నాన్న ఇల్లు చేరేదాకా తల ఎత్తలేదు.

అమ్మ గోరువెచ్చటి నీళ్లూ గిన్నెల సబ్బూ పెట్టి టబ్బులో దాన్ని కడుగుతూనే ఉంది. నీళ్లు మార్చిన కొద్దీ నలుపే. అది అమ్మ చేతిని పొడిచి రక్తం చిందించింది. ఆ పొడిచే ఓపిక ఉన్నందుకు అమ్మ సంబరపడింది. చేప ముక్క నోటికి అందిస్తే మాత్రం మింగలేదు. మర్నాడు నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి ప్రాణం పోయింది.

తువ్వాల్లో చుట్టి కిందికి తీసుకెళ్తే, బిల్డింగు కాపలాదారు చెత్త డబ్బా చూపించి, "ఇందులో పడేయ్, ఖలాస్" అన్నాడు. ఎవరికీ ఎదురు చెప్పని నాన్న, "పడెయ్యను" అని తెలుగులోనే అనేసి, ఇంటి వెనక ఇసుకలో చేతుల్తో గొయ్యి తవ్వాడు.

కిందటేడు చెల్లెలి దగ్గరికి కువైట్ వెళ్లి ఆ తీరం వెతుక్కున్నాను. బురద నేల మీద మట్టి పోసి, గోడ కట్టి, వరసగా విడిది ఇళ్లు లేపారు. గేటు దగ్గర కుర్చీలో రాయచోటి కుర్రాడొకడు కాపలా ఉన్నాడు. పక్షులు చూడ్డానికి వచ్చానంటే వింతగా చూశాడు.

"ఈడ పక్షులు యాడివి మేడం? ఎప్పుడూ లేవంట."

పోయాయన్నా ఓర్చుకునేదాన్ని. ఎప్పుడూ లేవట. వాడికి అలా చెప్పినవాళ్లెవరో ఎదురుపడితే నేనేమందునో నాకే తెలియదు.

"ఉండేవి నాయనా," అన్నాను. "ఇదిగో, నువ్వు కుర్చీ వేసుకున్న చోటే."